అక్క పాస్ చేసిన డాంబర్ రోడ్డు

నా చిన్నప్పుడు మొఘల్‌పురాలోని మా గల్లీకి రోడ్డు లేదు గానీ, రోడ్లు వేసే మనిషి మాత్రం మా ఇంట్లోనే ఉండేవాడు. ఆయన మా తాత. సర్కారు రోడ్ల గ్యాంగులో డాంబర్ మేస్త్రి. పుస్తకాల్లో తారు అని రాస్తారు, ఆఫీసుల్లో బిటుమెన్ అంటారు. మా పాతబస్తీలో అందరికీ అది డాంబరే.

గొప్పలు చెప్పుకుంటోందని మీరనుకుంటే అనుకోండి, నాకేం బాధ లేదు. మా తాత గురించి గొప్పలు లేకుండా మాట్లాడటం నాకు చేతకాదు. ఆయన వెంట బజారుకు పోతే దగ్గరి దారి కూడా దూరమయ్యేది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయి, చెప్పు విడిచి, పాదంతో రోడ్డును నిమిరి, "ఇది నా చేతి పని బిడ్డా, సూడు ఎట్లున్నదో" అనేవాడు. వెనక రిక్షావాడు గంట కొట్టి కొట్టి విసిగిపోయేవాడు. తాత కదిలేవాడు కాదు.

అటువంటి మనిషి ఇల్లు బురద గల్లీలో ఉండటం అందరికీ నవ్వులాటగా ఉండేది. "మేస్త్రీ, పట్నమంత డాంబర్ పోస్తివి, మన గల్లీ నీకు యాదికి రాలేదా?" అని అరుగుల మీది ముసలివాళ్ళు ఆటపట్టించేవారు. తాత కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఇంట్లోకి వచ్చాక మాత్రం అన్నం సరిగా తినేవాడు కాదు. ఏ గల్లీకి రోడ్డు వేయాలో నిర్ణయించేది పై ఆఫీసు. మేస్త్రి చెబితే వినేవాళ్ళెవరు?

డాంబరంటే అంతా ఒకటే నలుపు అనుకుంటారు చాలామంది. తాత లెక్కలో అది మూడు రకాలు. గట్టిది ఒకటి, ఎండకు కరిగి జారకుండా బరువు బండ్లు తిరిగే పెద్ద రోడ్లకు వాడేది. మెత్తది ఒకటి, పరిచిన కంకర మీద వేడివేడిగా పోసి పైన సన్న కంకర చల్లే చిన్న రోడ్లకు. ఇంకొకటి కిరోసిన్ కలిపిన పల్చది, పొడిబారిన కింది పొర లోపలికి ఇంకడానికి. నాకు అర్థం కావాలని ఆయన దాన్ని వంటింట్లోకి తెచ్చేవాడు. గట్టిది ముద్దపప్పు, మెత్తది మామూలు పప్పు, పల్చది పప్పుచారు, దేని మీదికి ఏది వడ్డించాలో తెలిసినవాడే మేస్త్రి అనేవాడు. డాంబర్ కాచే బాయిలర్ మీద పొగ నీలంగా లేచిందంటే అది మాడిపోతోందని, మాడిన డాంబర్‌తో వేసిన రోడ్డు అప్పడంలా పగులుతుందని కూడా ఆయనే చెప్పాడు.

ఆ మాటలు వట్టిగా పోలేదు. పెద్దయ్యాక నేను రోడ్డు సామాను పరీక్షించే ల్యాబులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. గిన్నెలో పోసిన బిటుమెన్‌లోకి సన్నని సూదిని వదిలి, అది ఎంత లోతు దిగిందో చూసి గట్టిదో మెత్తదో తేల్చడం నా పని. తర్వాత తర్వాత చిక్కదనాన్ని కొలిచి వీజీ అని నంబర్లు పెట్టే పద్ధతి వచ్చింది. రబ్బరు పొడి కలిపినవి వచ్చాయి, పారేసిన ప్లాస్టిక్ కలిపినవి వచ్చాయి. ఎన్ని వచ్చినా నా బుర్రలో అవన్నీ ముందు పప్పు గిన్నెలుగా మారి, ఆ తర్వాతే అర్థమయ్యేవి. ఇంటర్వ్యూలో కూడా దాదాపు అదే చెప్పాను. పెద్దసారు నవ్వి ఉద్యోగం ఇచ్చాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. వాళ్ళది పాల వ్యాపారం, ఇంటి వెనకే బర్రెల కొట్టం. అక్కకు చిన్నతనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. కూర్చున్నట్టే ఉండి, రెండు చేతులూ నేలకు ఆనించి, ఒళ్ళు ఎత్తి ముందుకు జరిగేది. చిన్నగా ఉన్నన్నాళ్ళు వాళ్ళ బాపు భుజాల మీద బడికి మోసుకుపోయాడు. ఎదిగిన పిల్ల అయ్యాక అక్కే వద్దంది. గల్లీలో మగపిల్లలు చూసి నవ్వారట. ఆ రోజుతో బడి ఆగిపోయింది, బయటికి రావడమూ ఆగిపోయింది.

పొద్దుటి పూట అక్క వాళ్ళ అరుగు మీదికి వచ్చి కూర్చునేది. అయితే ఎవరన్నా వస్తున్నారంటే పావడా కాళ్ళ మీదికి లాక్కుని, వాళ్ళు దాటిపోయేదాకా అంగుళం కూడా కదలకుండా ఉండేది. తను నేల మీద జరగడం ఎవరూ చూడకూడదు. గల్లీలో అంతమంది ఉన్నా, అక్క కదలడం చూసింది వాళ్ళింటివాళ్ళు, నేను, అంతే.

ఆసుపత్రివాళ్ళు ఆమెకు చేత్తో తిప్పే మూడు చక్రాల బండి ఒకటి ఇచ్చారు. అది వచ్చిన రోజు అక్క ముఖం చూడాలి మీరు! మరుసటి రోజు పొద్దున్నే వాళ్ళ బాపు బండిని గల్లీలోకి దింపాడు. పది అడుగులన్నా పోకముందే చక్రం గుంతలో దిగబడి బండి పక్కకు ఒరిగిపోయింది. అక్క మురికినీళ్ళ మోరీ అంచున పడింది. ఆ తర్వాత బండి బర్రెల కొట్టంలోకి పోయింది, దాని మీద కోళ్ళు పడుకునేవి.

గల్లీ చివర, మెయిన్ రోడ్డు మీద, ఒక టైపు నేర్పే సెంటరు ఉండేది. అక్కకు అక్కడ నేర్చుకోవాలని ప్రాణం. అట్టముక్క మీద ఇంగ్లీషు అక్షరాలు గళ్ళు గళ్ళుగా రాసుకుని, కళ్ళు మూసుకుని వేళ్ళతో కొడుతూ ఉండేది. నేను మాట చెబితే అట్ట మీద టకటకా కొట్టి చూపించేది. "మెయిన్ రోడ్డు దాక పోతె సాలు. ఆడికెల్లి అంత సాఫేనంట" అని ఒకసారి నాతో అంది. ఆ మాట నేను తాతకు చేరవేశాను. తర్వాత తెలిసింది, ఆ వారం నుంచి ఆయన రోజూ డ్యూటీ దిగాక ఆఫీసు మెట్లెక్కి అడగడం మొదలుపెట్టాడని.

ఎండాకాలం చివర్లో ఎట్టకేలకు మా గల్లీకి రోడ్డు మంజూరైంది. గ్యాంగు దిగింది. ముందు కంకర పరిచారు, దాని మీద మట్టి చల్లారు, బిందెలకు బిందెలు నీళ్ళు పోసి రోలరు తిప్పారు. నీళ్ళతో తడిసి, రోలరు కింద నలిగి కంకర గట్టిగా కూర్చోవాలి కదా. "పొయ్యుండ్రి నీళ్ళు, ఇంక పొయ్యుండ్రి!" అని తాత అరుస్తుంటే గల్లీలోని ఆడవాళ్ళంతా తమ ఇళ్ళ నుంచి కూడా నీళ్ళు తెచ్చి పోశారు. తర్వాత కొన్ని రోజులు ఎండకు వదిలేశారు. దాని మీద డాంబర్ పడితే రోడ్డు అయిపోయినట్టే. బాయిలర్, రోలరు మాకు ఒక్కరోజుకే ఇచ్చారు, మర్నాడు అవి పక్క బస్తీకి పోవాలి. పైగా మబ్బులు పట్టడం మొదలైంది. వానలు దిగితే మళ్ళీ దసరా దాటేదాకా డాంబర్ పని ఉండదు. ఈలోపు వాన నీళ్ళకు కంకరంతా లేచిపోతే, గల్లీ ముందుకన్నా అధ్వాన్నమవుతుంది.

డాంబర్ రోజున తాత చీకటితోనే లేచి బాయిలర్ అంటించడానికి మెయిన్ రోడ్డు మీదికి పోయాడు. ఆయన అటు పోగానే గల్లీ మేల్కొంది. ఇన్నేళ్ళకు రోడ్డు వస్తోంది, అది కూడా మన మేస్త్రి చేతుల మీదుగా వస్తోంది, ఊరికే ఎలా రానిస్తాం? మా అమ్మ బకెట్లో పేడ కలిపి ఇంటి ముందు కంకర మీద కళ్ళాపి చల్లింది. అక్క వాళ్ళమ్మ చల్లింది. వరసగా అందరూ చల్లారు. అటు ముస్లింల ఇళ్ళ ముందు కూడా, ఇంటికి పెద్ద చుట్టం వస్తున్నప్పుడు చేసినట్టు, మగ్గులతో నీళ్ళు చిలకరించి దుమ్ము అణిచారు. మేమంతా ఖాలా అని, అంటే పిన్నమ్మ అని పిలిచే ఎదురింటావిడ అయితే ఇంత అత్తరు కూడా కలిపిందని చెప్పుకున్నారు, నిజమో అబద్ధమో. కళ్ళాపి మీద అమ్మ ఇంతింత ముగ్గులు వేసింది. పిల్లలం చుక్కలు పెట్టాం. ఆ గల్లీ అంత అందంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

తాత బాయిలర్ తోసుకుంటూ గ్యాంగుతో మూల తిరిగాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆయన ఆగిపోయాడు. గల్లీని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. నవ్వుతాడనుకున్నాం, ముఖం తెల్లబోయింది. అక్కడే కింద కూలబడ్డాడు.

"ఎంత పని చేస్తిరమ్మా," అన్నాడు.

ఆయన వెనకే వచ్చిన సూపర్‌వైజర్ సారు ముగ్గుల మధ్య నిలబడి తల పట్టుకున్నాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తాత లేచి, పొడవాటి గరిటెతో బాయిలర్లోంచి ఇంత డాంబర్ తీసి, మమ్మల్నందరినీ దూరం జరగమని, తడి రాయి మీద పోశాడు. అది చుయ్యిమని పొంగి చిందింది. చల్లారాక గోటితో అంచు లేపితే పెనం మీది అట్టులా మొత్తం ఊడి వచ్చింది. ఇంకో గరిటెడు అరుగు కింది పొడి రాయి మీద పోశాడు. దాన్ని గోటితో కాదు, ఇనుప పుల్లతో గీకినా ఊడలేదు. తడి ఉన్నా, పేడ పొర ఉన్నా, ముగ్గుపిండి ఉన్నా డాంబర్ రాయిని పట్టుకోదు. పైపైన కూర్చుంటుంది, మొదటి వానకే లేచిపోతుంది.

ఎదురింటి ఖాలా దుప్పట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. "హమ్‌కో క్యా మాలూమ్ మేస్త్రి సాబ్? ఆపిచ్ తో రోజ్ పానీ డలారే థే!" అంది. మాకేం తెలుసు, రోజూ నీళ్ళు పోయించింది మీరే కదా అని ఆమె బాధ. ఆ మాటలో తప్పేముంది? కంకరకు నీళ్ళు కావాలి, డాంబర్‌కు నీళ్ళు పనికిరావు అని మాకెవరు చెప్పారు?

సారు మంచివాడే, కానీ ఆయనకూ పైన జవాబు చెప్పుకోవాల్సినవాళ్ళు ఉన్నారు. "పక్క బస్తీల కంకర ఎండి తయారున్నది మేస్త్రీ. బాయిలర్ అటు తోలుండ్రి. ఇది వానలైనంక చూద్దాం," అన్నాడు.

అప్పుడు నేను పక్కింటి అరుగు వైపు చూశాను. అక్క పావడా కాళ్ళ మీదికి లాక్కుని కదలకుండా కూర్చుంది. ఆమె పక్కన ఆ మూడు చక్రాల బండి, కడిగి, తుడిచి, హ్యాండిల్‌కు బంతిపూలు కట్టి ఉంది. వానలైనంక అనే మాట వినగానే అక్క కళ్ళు దించేసుకుంది. నాకు ఏడుపొచ్చింది. మా అమ్మ అప్పటికే ఏడుస్తోంది.

తాత వెళ్ళి సారు ముందు చేతులు జోడించాడు. "తప్పు నాది సార్. ఊరందరికి చెప్త, మా గల్లోళ్ళకే చెప్పకపోతి. నా మీద ఏం రాసుకుంటరో రాసుకోండ్రి. పగటీలి దాక, పొద్దు నడినెత్తికి వచ్చేదాక టైమియ్యుండ్రి. గప్పటికి ఎండకపోతె నేనే బాయిలర్ తోల్కపోత," అన్నాడు. ఆడవాళ్ళ మీద ఒక్క మాట పడనివ్వలేదు. సారు ఆకాశం వైపు చూశాడు, పూలు కట్టిన బండి వైపు చూశాడు, చివరికి సరే అన్నాడు.

ఇక చూడండి! ఎవరి ముగ్గును వాళ్ళే చీపుళ్ళతో గీకి పారేశారు. గ్యాంగువాళ్ళు ఇనుప బ్రష్షులిస్తే ఖాలా, మా అమ్మ పక్కపక్కన కూర్చుని పేడ పొర గీకారు. అక్క వాళ్ళ బాపు కొట్టంలోని గోనె సంచులన్నీ మోసుకొచ్చాడు. వాటిని పరిచి, కాళ్ళతో తొక్కి, నీళ్ళు పీల్పించి, తీసి పిండి మళ్ళీ పరిచారు. మాసిన చీరలు వచ్చాయి, లుంగీలు వచ్చాయి, ఎవరిదో పాత షేర్వానీ కూడా వచ్చింది. ఎండ కూడా దయతలచి మబ్బులోంచి బయటికి వచ్చింది. పొద్దు నడినెత్తికి చేరేసరికి గల్లీ తెల్లగా, పొడిగా కనిపించింది.

మేమంతా ఎండిందని అరిచాం. తాత మాత్రం వంగి రాళ్ళు తడిమి, మళ్ళీ తడిమి, తల అడ్డంగా ఊపాడు. తన రెండు అరచేతులు సారుకు చూపించాడు. ఏళ్ళ తరబడి వేడి డాంబర్ చింది కాలి, మచ్చలు పడి, చర్మం బెరడులా ఉండేది వాటి మీద.

"ఈ చేతులకు తడి ఎరుకైతలేదు సార్. మాడి మాడి మొద్దువారినయి. ఈడ ఒక మనిషి ఉన్నది, నేల సంగతి ఆమెకు తెల్సినట్టు ఎవ్వలికి తెల్వదు. ఆమె ఎండింది అంటెనే పోస్త," అని తిన్నగా పక్కింటి అరుగు దగ్గరికి పోయాడు.

అక్క ముందు నేల మీద కూర్చుని, "బిడ్డా, గల్లీ పొంటి ఒకపారి జరుక్కుంట పోయి, తడి ఏడున్నదో చెప్పాలె. నాతోటి అయితలేదు," అన్నాడు.

అక్క వాళ్ళమ్మ అడ్డం వచ్చింది. "మేస్త్రీ, నీకు దండం పెడ్త. అందరి ముంగట నా బిడ్డను ఈడ్పియ్యకు. నీ రోడ్డు లేకపోతె పాయె," అంది. ఆ తల్లి అన్నదాంట్లో న్యాయం ఉంది. గ్యాంగు మనుషులు, గల్లీ మగపిల్లలు, మిద్దెల మీది జనం, అందరూ చూస్తున్నారు. ఏ చూపులకు జంకి ఆ పిల్ల బడి మానేసిందో ఆ చూపులన్నీ ఒకేచోట ఉన్నాయి.

తాత అక్క ముఖంలోకే చూస్తూ, "నీ ఇష్టం బిడ్డా. నువ్వు వద్దంటె బాయిలర్ తోల్కపోత. నీ మీద నాకేం కోపం రాదు," అన్నాడు.

అక్క పావడా అంచులు రెండూ లాగి గట్టిగా ముడివేసుకుంది. "జరుగమ్మా, నేను పోత," అంది వాళ్ళమ్మతో.

అరుగు దిగి, రెండు అరచేతులూ కంకరకు ఆనించి, ఒళ్ళు ఎత్తి ముందుకు జరిగింది. మళ్ళీ ఎత్తి, మళ్ళీ జరిగింది. పక్కనే తాత కూడా గొంతుకూర్చుని బాతులా నడిచాడు. ఆమె కన్నా ఎత్తుగా ఉండకూడదనుకున్నాడేమో, నడుము నొప్పితో మూలుగుతూనే చివరిదాకా లేవలేదు. మొదట్లో అక్క తల ఎత్తనే లేదు. మూడు నాలుగు ఇళ్ళు దాటేసరికి ఆమె ముఖం మారిపోయింది. అట్టముక్క మీద అక్షరాలు కొట్టేటప్పుడు ఉండే ముఖం అది. పనిలో పడిపోయింది. అరచేయి తిప్పి చేతి వెనకభాగం రాళ్ళకు ఆనించేది, ముంజేయి ఆనించేది, ఒకచోట వంగి చెంప కూడా ఆనించింది. "ఈడ అయిపాయె తాతా. ఈడ గూడ అయిపాయె. ఈడ దుమ్మున్నది, ఊడ్వాలె," అంటుంటే గ్యాంగు మనిషి చీపురు పట్టుకుని పరుగెత్తాడు. నవ్వినవాడు ఒక్కడూ లేడు. నవ్వాలన్న ఊహ కూడా ఎవరికీ వచ్చి ఉండదు. అందరికీ ఆమె నోటి నుంచి వచ్చే మాటే కావాలి.

ఖాలా ఇంటి ప్రహరీ గోడ పక్కన అక్క ఆగింది. "తాతా, ఈడ పైకి ఆరినట్టే ఉన్నది గని, లోపట సల్లగున్నది," అంది. తాత నమ్మలేదు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతోంది. కళ్ళు చిట్లించి చూశాడు, పొడిగానే ఉంది. చేత్తో తడిమాడు, పొడిగానే ఉంది. ఇనుప పుల్లతో ఒక రాయిని పెకలించి తిప్పితే, దాని అడుగున నల్లగా తడి! గోడ నీడలో పైన మాత్రమే ఆరింది. దాని మీద పోసి ఉంటే అక్కడే, సరిగ్గా గల్లీ వంపులో, మొదటి గుంత పడేది. "అబ్బ! మస్తు పట్టినవ్ బిడ్డా," అని తాత ఆశ్చర్యపోయి అన్నాడు.

అక్కడికి ఎండ రాదు. ఏం చేయాలా అని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, ఖాలా లోపలికి పోయి బొగ్గుల ఇస్త్రీపెట్టె నిండా నిప్పులు వేసుకుని తెచ్చింది. మా అమ్మ కూడా మాది తెచ్చింది. గోనె పరిచి దాని మీద ఇద్దరూ ఇస్త్రీ చేశారు. రోడ్డుకు ఇస్త్రీ చేసిన గల్లీ హైదరాబాద్ మొత్తంలో మాదొక్కటే అయి ఉంటుంది. సూపర్‌వైజర్ సారు నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నాడు. ఇస్త్రీ అయ్యాక అక్క మళ్ళీ చెయ్యి ఆనించి చూసి, తల ఊపింది.

"పాసేనా అమ్మా?" అని సారే అడిగాడు.

"పాస్ సార్," అంది అక్క.

ఆ రోజు పోసిన డాంబర్ రాయికి అతుక్కుంటుంటే తాత ముఖంలో వెలుగు చూడాలి. చిల్లుల డబ్బాల్లోంచి సన్నటి ధారలుగా పోశారు, ఆడకూలీలు తట్టలతో సన్న కంకర చల్లారు, వెనకే రోలరు కరకరమని నలుపుకుంటూ పోయింది. అక్క తిరిగి అరుగెక్కి కూర్చుంది. ప్రతి డబ్బా పోసేముందు గ్యాంగు మనిషి ఆమె వైపు చూసేవాడు, ఆమె ఊ అంటేనే వంచేవాడు. కాళ్ళ మీద పావడా సర్దుకోవడం ఆమె అప్పటికి మరిచేపోయింది.

పొద్దు గూకే వేళకు పని ముగిసింది. అమ్మ నా ఒంటి మీది డాంబర్ మరకల్ని కిరోసిన్ గుడ్డతో తుడిచి, తల స్నానం చేయించింది. తాత మంచం మీద నడుము వాల్చి ఉంటే నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆయన ఆ బెరడు చేయి నా తల మీద వేశాడు.

"ఏందే, కుదుళ్ళల్ల ఇంక తడున్నది. మంచిగ ఆరబెట్టుకో, సర్ది చేస్తది," అన్నాడు.

నేను గిరుక్కున తిరిగి ఆ చేయి పట్టుకున్నాను. "నీ చేతులకు తడి ఎరుకైతదా తాతా?"

తాత గుమ్మం వైపు చూశాడు, ఎవరన్నా విన్నారేమోనని. తర్వాత నా జడ పట్టుకుని చిన్నగా లాగి, "సప్పుడు చెయ్యకు," అన్నాడు. ఆయన పొట్ట నవ్వుతో కదులుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే అక్క బండి గల్లీలోకి దిగింది. వాళ్ళ బాపు వెనక రెండు చేతులూ చాచుకుని నడుస్తుంటే, "బాపూ, చెయ్యి తియ్యి, నేను పోత," అంది. హ్యాండిల్ తిప్పుకుంటూ, మా ఇల్లు దాటి, ఖాలా గోడ దాటి, వంపు తిరిగి, మెయిన్ రోడ్డు దాకా ఒక్కతే పోయింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగి చూసింది. గల్లీకి గల్లీ అంతా గుమ్మాల్లో నిలబడి ఉంది. వాళ్ళ బాపు రోడ్డు మధ్యలో కూర్చుని, పాల క్యాను పక్కన పెట్టి, మగవాడినన్న మాట మరిచిపోయి ఏడ్చాడు. తాత ఇవేవీ చూడలేదు, అప్పటికే పక్క బస్తీ పనికి పోయాడు. సాయంత్రం వచ్చాక నా చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు.

అక్క టైపు నేర్చుకుంది, సర్కారు ఆఫీసులో ఉద్యోగం చేసింది, నాకన్నా ముందే రిటైరైంది. ఇప్పుడు మేమిద్దరం సంతోష్‌నగర్‌లో ఉంటాం, రెండు వీధుల దూరంలో. ఎవరన్నా కొత్తవాళ్ళు పరిచయమైతే, ఉద్యోగం సంగతి తర్వాత, ముందు ఈ కథే చెబుతుంది. మొఘల్‌పురాలో ఒక రోడ్డును నేను పాస్ చేశాను, మేస్త్రి చేతులకు తెలియని తడి నేను పట్టాను అంటుంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె వీపు నిటారుగా అవుతుంది. నేను పక్కనే కూర్చుని వింటాను. ఈ రోజుల్లో ఎమల్షన్ అని నీళ్ళతో కలిసిన బిటుమెన్ వచ్చింది, గోధుమరంగులో ఉంటుంది, వేడి చేయనక్కర్లేదు, కాస్త తడి ఉన్నా రాయిని పట్టుకుంటుంది. మంచి సామాను. నేనే ఎన్నిటిని పరీక్షించానో. అది మా కాలంలో ఉంటే ఆ రోజు ఎవరికీ ఏ చిక్కూ ఉండేది కాదు, అక్క అరుగు దిగేదీ కాదు.

తాత చేతుల సంగతి నేను ఆమెకు ఈనాటికీ చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పడానికి అందులో ఏమీ లేదని. తాత అబద్ధమాడింది తన చేతుల గురించే. అక్క గురించి ఆయన అన్న ప్రతి మాటా నిజం. ఆ గోడ నీడలోని తడి ఆయనకు నిజంగానే అందలేదు, ఆమెకు అందింది. ఒక మనిషికి సాయం చేయాలనుకున్న మా తాత, ముందు ఆమెనే సాయం అడిగాడు. ఎంత గొప్పవాడండీ మా తాత!

నేను ఆయన మనవరాలిని. ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు బెదిరిపోయి, తప్పు చేస్తామేమోనని చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేవారు. నేను వాళ్ళకు ధైర్యం చెప్పేదాన్ని కాదు. "నా కండ్లు మసకబారినయి బిడ్డా, సూది ఏ గీత దాక దిగిందో జర సదివి చెప్పు" అనేదాన్ని. వాళ్ళు వంగి, ఊపిరి బిగబట్టి చదివేవారు. మర్నాటికి చేతులు కట్టుకోవడం మానేసేవారు. అలా చదివినవాళ్ళలో కొందరు ఇప్పుడు పెద్ద పెద్ద రోడ్ల పనులు చూస్తున్నారు. నా కళ్ళంటారా? ఈ వయసులో కూడా కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాను.